కంపెనీ వస్తానంటే ఖజానా ఎంత తెరవాలి?

2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం విశాఖ రుషికొండలో 21.16 ఎకరాలను టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కు 99 పైసల నామమాత్రపు ధరకు ఇచ్చేందుకు ఒప్పుకుంది. దానికి బదులుగా 1,370 కోట్ల రూపాయల పెట్టుబడి, 12,000 ఉద్యోగాలు వస్తాయని ప్రభుత్వం చెప్పింది. ఆ తర్వాత కాగ్నిజెంట్‌కూ ఇదే తరహా కేటాయింపు జరిగింది. అక్టోబర్‌లో గూగుల్ విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెట్టి డేటా సెంటర్ కట్టబోతున్నట్టు ప్రకటించింది. వెంటనే పక్క రాష్ట్రం నుంచి విమర్శ వచ్చింది. 22,000 కోట్ల రూపాయల రాయితీలు ఇచ్చి తెచ్చుకున్నారని కర్ణాటక ఐటీ మంత్రి ప్రియాంక్ ఖర్గే అన్నారు. ఆంధ్ర వంటల్లాగే ఆంధ్ర పెట్టుబడుల కారం కూడా పొరుగువాళ్లకు తగులుతోందని ఆంధ్రప్రదేశ్ ఐటీ మంత్రి నారా లోకేశ్ చమత్కరించారు.

ఆ చమత్కారం నాలుగు రోజులు సోషల్ మీడియాలో తిరిగింది. అసలు ప్రశ్న మాత్రం అక్కడే ఉండిపోయింది. ఒక పెద్ద కంపెనీని రప్పించడానికి ప్రజల సొమ్ము, ప్రజల భూమి ఎంతవరకు ఇవ్వొచ్చు? ఇచ్చినదానికి తగ్గట్టు తిరిగి వచ్చిందని ఎలా తెలుసుకోవాలి? వచ్చిన ఉద్యోగాలు ఎవరి పిల్లలకు దొరుకుతాయి?

ఈ వాదన మన దగ్గరే పుట్టలేదు. దీని మీద అందరికంటే పెద్ద రచ్చ 2017 నుంచి 2019 వరకు అమెరికాలో జరిగింది. అక్కడ ఒకే కంపెనీ కోసం వందల నగరాలు పోటీపడ్డాయి. అందులో ఒక నగరం గెలిచి కూడా చివరికి ఖాళీ చేతులతో మిగిలింది. మన రాష్ట్రాల లెక్క అర్థం కావాలంటే ముందు ఆ కథ తెలుసుకోవడం మంచిది.

238 నగరాల వేలంపాట

2017 సెప్టెంబర్‌లో అమెజాన్ ఒక ప్రకటన చేసింది. సియాటిల్‌లో ఉన్న ప్రధాన కార్యాలయంతో సమానంగా రెండో ప్రధాన కార్యాలయం కడతామంది. 500 కోట్ల డాలర్ల పెట్టుబడి, 50,000 వరకు ఉద్యోగాలు వస్తాయంది. తమ దగ్గరికి రావాలనుకునే నగరాలు దరఖాస్తు పెట్టుకోవాలని, ఏమేం రాయితీలు ఇస్తారో కూడా రాయాలని అడిగింది. గడువు ముగిసేసరికి 238 దరఖాస్తులు వచ్చాయి.

నగరాలు ఎంత దూరం వెళ్లాయంటే, జార్జియా రాష్ట్రంలోని స్టోన్‌క్రెస్ట్ అనే ఊరు తన భూమిలో 345 ఎకరాలు విడదీసి దానికి 'అమెజాన్' అని పేరు పెడతామంది. న్యూజెర్సీ రాష్ట్రం నెవార్క్ నగరం కోసం 700 కోట్ల డాలర్ల రాయితీలు ముందుకు తెచ్చింది. మేరీలాండ్ రోడ్లు, రవాణా పనులతో కలిపి 850 కోట్ల డాలర్ల ప్యాకేజీ సిద్ధం చేసింది.

సంబంధం మాటలప్పుడు అబ్బాయి తరఫువాళ్లు "ఫలానా ఊరివాళ్లు జోడే కీ రఖమ్ ఇంత ఇస్తామన్నారు" అని అమ్మాయి తరఫువాళ్ల చెవిన వేస్తుంటారు. మాట నిజమో కాదో తెలియదు కానీ వినగానే ఇటువైపు అంకె పెరుగుతుంది. ఈ వేలంపాటలో జరిగింది అదే. ఏ నగరం ఎంత ఇస్తుందో పక్క నగరానికి పూర్తిగా తెలియదు, అన్నీ తెలిసింది కంపెనీకి మాత్రమే.

అందరూ ఈ ఆటలో దిగలేదు. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో అసలు పోటీ నుంచే తప్పుకుంది. శాన్ హోసే మేయర్ దరఖాస్తు పెట్టారు కానీ రాయితీలు మాత్రం ఇవ్వబోమని బహిరంగంగానే రాశారు.

2018 నవంబర్ 13న ఫలితం వచ్చింది. అమెజాన్ ఒక్క నగరాన్ని కాకుండా రెండింటిని ఎంచుకుంది. ఒకటి న్యూయార్క్‌లోని లాంగ్ ఐలాండ్ సిటీ, రెండోది వర్జీనియా రాష్ట్రంలో వాషింగ్టన్‌ను ఆనుకుని ఉన్న ఆర్లింగ్టన్. ఒక్కో చోట 25,000 ఉద్యోగాలు. గమనించాల్సిన విషయం ఏమిటంటే, అందరికంటే ఎక్కువ ఇస్తామన్న న్యూజెర్సీ, మేరీలాండ్ రెండూ ఓడిపోయాయి. చదువుకున్న ఉద్యోగులు ఎక్కువగా దొరికే చోటికే కంపెనీ వెళ్లింది.

న్యూయార్క్‌లో ఏం జరిగింది?

న్యూయార్క్ రాష్ట్రం నేరుగా ఇస్తామన్న ప్రోత్సాహకాలు 152.5 కోట్ల డాలర్లు. నగరంలో ఏ కంపెనీ కట్టడం చేసినా చట్టప్రకారం దొరికే పన్ను తగ్గింపులు కూడా కలిపితే మొత్తం దాదాపు 300 కోట్ల డాలర్లు. అప్పటి మారకం ప్రకారం 21 వేల కోట్ల రూపాయలకు పైమాటే. 25,000 ఉద్యోగాలతో భాగిస్తే ఒక్కో ఉద్యోగానికి 1,20,000 డాలర్లు పడుతుంది.

ఈ అంకె బయటికి రాగానే నిరసనలు మొదలయ్యాయి. అప్పుడే కాంగ్రెస్‌కు ఎన్నికైన అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్, రాష్ట్ర సెనేటర్ మైకేల్ జనారిస్ లాంటి నాయకులు వ్యతిరేకించారు. ప్రపంచంలోనే పెద్ద కంపెనీల్లో ఒకదానికి ప్రజల డబ్బు ఎందుకని అడిగారు. అద్దెలు పెరుగుతాయని, సబ్‌వే రైళ్లు ఇప్పటికే కిక్కిరిసి ఉన్నాయని స్థానికులు అన్నారు. ఒప్పందం మూసిన తలుపుల వెనక జరిగిందని నగర కౌన్సిల్ సభ్యులు మండిపడ్డారు.

అయితే ఇక్కడ ఒక అపోహ ఉంది. చాలామంది ఈ 300 కోట్లు ఖజానాలో నోట్ల కట్టలుగా ఉన్నాయని, అమెజాన్‌కు ఇవ్వకపోతే వాటితో స్కూళ్లు కట్టొచ్చని అనుకున్నారు. నిజానికి అందులో ఎక్కువ భాగం కంపెనీ వచ్చాక, ఉద్యోగాలు ఇచ్చాక, కట్టాల్సిన పన్నులోంచి తగ్గించేది. కంపెనీ రాకపోతే ఆ పన్నూ రాదు. 25 ఏళ్లలో 2,700 కోట్ల డాలర్ల పన్ను ఆదాయం వస్తుందని గవర్నర్ ఆండ్రూ కోమో, మేయర్ బిల్ డి బ్లాసియో వాదించారు. సర్వేల్లో కూడా సగానికి పైగా ఓటర్లు ఒప్పందాన్ని సమర్థించారు.

అలాగని వ్యతిరేకించినవాళ్ల మాట పూర్తిగా తప్పు కాదు. రాయితీ లేకుండానే కంపెనీ వచ్చేదైతే, తగ్గించిన ప్రతి డాలరూ నిజంగా పోగొట్టుకున్నదే. మొత్తం వాదన ఈ ఒక్క 'అయితే' మీద నిలబడి ఉంది.

అమెజాన్ అనుకున్న స్థలానికి దగ్గర్లోనే క్వీన్స్‌బ్రిడ్జ్ హౌసెస్ అనే ప్రభుత్వ గృహ సముదాయం ఉంది. అమెరికాలో ఇలాంటివాటిలో అదే పెద్దది. అక్కడ ఉండేవాళ్లలో ఎక్కువమంది తక్కువ ఆదాయం ఉన్న నల్లజాతి, హిస్పానిక్ కుటుంబాలు. సగటు జీతం ఏడాదికి 1,50,000 డాలర్లు ఉండే ఉద్యోగాలు మా గుమ్మం ముందుకు వస్తున్నాయి, కానీ మా పిల్లలు ఆ గేటు దాటగలరా అన్నది వాళ్ల సందేహం. శిక్షణ కార్యక్రమాల కోసం కంపెనీ, నగరం, రాష్ట్రం కలిసి ప్రకటించింది 1.5 కోట్ల డాలర్లు. 300 కోట్ల ప్యాకేజీ పక్కన పెడితే ఆ అంకె ఎంత చిన్నదో తెలుస్తుంది.

2019 ఫిబ్రవరి 14న అమెజాన్ న్యూయార్క్ నుంచి తప్పుకుంది. ఇక్కడితో కథ అయిపోలేదు. అదే ఏడాది డిసెంబర్‌లో న్యూయార్క్‌లోనే హడ్సన్ యార్డ్స్ ప్రాంతంలో 1,500 మందికి సరిపడే ఆఫీసు అద్దెకు తీసుకుంటున్నట్టు ప్రకటించింది. దానికి ప్రత్యేక రాయితీ ఏమీ లేదు. రెండువైపులవాళ్లూ దీన్ని తమ వాదనకే వాడుకున్నారు. చూశారా, రాయితీ లేకుండానే వచ్చిందని ఒకరు, 25,000 రావాల్సిన చోట 1,500 వచ్చాయని ఇంకొకరు అన్నారు.

వర్జీనియా లెక్క వేరు

రెండో విజేత వర్జీనియా ఇచ్చింది తక్కువ, ఇచ్చిన పద్ధతి కూడా వేరు. నేరుగా ఇచ్చే నగదు ఒక్కో ఉద్యోగానికి 22,000 డాలర్లు, అప్పటి లెక్కలో దాదాపు 16 లక్షల రూపాయలు. మొదటి 25,000 ఉద్యోగాలకు కలిపి 55 కోట్ల డాలర్లు. అదీ ముందుగా కాదు. ఒప్పుకున్న జీతంతో ఉద్యోగాలు ఇచ్చి చూపించిన తర్వాతే చెల్లింపు.

మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టారన్నది అసలు విషయం. మెట్రో స్టేషన్లు, రోడ్లు లాంటి రవాణా పనులకు రాష్ట్రం 19.5 కోట్ల డాలర్లు ఇస్తామంది. 20 ఏళ్లలో కంప్యూటర్ సైన్స్, దానికి దగ్గరి కోర్సుల్లో 25,000 అదనపు డిగ్రీలు వచ్చేలా రాష్ట్రమంతటా యూనివర్సిటీలకు నిధులు పెట్టింది. వర్జీనియా టెక్ యూనివర్సిటీ అలెగ్జాండ్రియాలో కొత్త క్యాంపస్ మొదలుపెట్టింది. దాని మొదటి భవనం 2025లో తెరుచుకుంది.

మరి అమెజాన్ మాట నిలబెట్టుకుందా? మొదటి దశ భవనాలు 2023 జూన్‌లో తెరిచింది. కానీ అంతకు మూడు నెలల ముందే రెండో దశ నిర్మాణాన్ని ఆపేసింది. కరోనా తర్వాత ఇంటి నుంచి పని పెరిగింది, కంపెనీలు ఉద్యోగాలు తగ్గించుకున్నాయి. ఉద్యోగాలు అనుకున్న వేగంతో రాలేదు కాబట్టి, ఉద్యోగానికి ఇంత అని కట్టాల్సిన డబ్బు కూడా రాష్ట్రం మీద ఆ వేగంతో పడలేదు. యూనివర్సిటీ క్యాంపస్ మాత్రం అక్కడే ఉంది. అందులో చదివిన పిల్లలు అమెజాన్‌లోనే చేరాలని లేదు, ఎక్కడైనా చేరొచ్చు. వాషింగ్టన్ పక్కన ఉత్తర వర్జీనియాలో వేల తెలుగు కుటుంబాలు ఉన్నాయి కాబట్టి ఆ కాలేజీ సీట్ల ఫలితం మనవాళ్ల ఇళ్ల దాకా కూడా వస్తుంది.

ఫాక్స్‌కాన్ పాఠం

ఇదే కాలంలో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఇంకో ఒప్పందం జరిగింది. ఐఫోన్లు బిగించే తైవాన్ కంపెనీ ఫాక్స్‌కాన్ 2017లో 1,000 కోట్ల డాలర్ల పెట్టుబడితో తెరల ఫ్యాక్టరీ కడతామని, 13,000 ఉద్యోగాలు ఇస్తామని చెప్పింది. రాష్ట్రం దాదాపు 300 కోట్ల డాలర్ల రాయితీకి ఒప్పుకుంది. ఈ డబ్బు తిరిగి రావడానికి 25 ఏళ్లు పడుతుందని రాష్ట్ర శాసనసభ ఆర్థిక నిపుణులే అప్పట్లో లెక్కగట్టారు. 2018 జూన్‌లో శంకుస్థాపనకు అధ్యక్షుడు ట్రంప్ వెళ్లి దీన్ని ప్రపంచ ఎనిమిదో వింత అన్నారు.

ఆ ఫ్యాక్టరీ అనుకున్నట్టు రాలేదు. 2021 ఏప్రిల్‌లో ఒప్పందం తిరగరాశారు. ఉద్యోగాలు 1,454కి, పెట్టుబడి 67.2 కోట్ల డాలర్లకు, రాయితీ 8 కోట్ల డాలర్లకు దిగాయి.

ఇందులో రెండు పాఠాలు ఉన్నాయి. మొదటిది, రాష్ట్రం ఉద్యోగాలు లెక్క చూసుకున్నాకే డబ్బు ఇస్తానని రాసుకుంది కాబట్టి పెద్ద నష్టం తప్పింది. రెండోది, మౌంట్ ప్లెజెంట్ అనే చిన్న ఊరు మాత్రం ముందుగానే భూములు సేకరించి, ఇళ్లు ఖాళీ చేయించి, నీళ్ల పైపులు, రోడ్లు వేసి అప్పుల్లో పడింది. తర్వాత మైక్రోసాఫ్ట్ అక్కడ డేటా సెంటర్ కోసం భూమి కొనడంతో కొంత ఊరట దొరికింది. అంటే రోడ్డు, పైపు వేస్తే చాలదు. వాటి మీద ఆధారపడింది ఒకే కంపెనీ అయితే, ఆ కంపెనీ మాట మారినప్పుడు భారం ఊరి మీదే పడుతుంది.

రాయితీ ఇస్తేనే కంపెనీ వస్తుందా?

అమెరికాలోని అప్‌జాన్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన ఆర్థికవేత్త టిమోతీ బార్టిక్ దీని మీద ఏళ్ల తరబడి పని చేశారు. అందుబాటులో ఉన్న అధ్యయనాలన్నీ పరిశీలించి 2018లో ఒక అంచనా ఇచ్చారు. రాయితీ పొందిన కంపెనీల్లో, ఆ రాయితీ వల్లే నిర్ణయం మార్చుకున్నవి 2 నుంచి 25 శాతం వరకే ఉండొచ్చని ఆయన తేల్చారు. మిగిలినవి రాయితీ లేకపోయినా వచ్చేవే. అలాంటి చోట ఇచ్చిన రాయితీ కంపెనీ లాభంలో కలిసిపోయినట్టే.

సమర్థించేవాళ్ల దగ్గర కూడా ఆధారాలు ఉన్నాయి. గ్రీన్‌స్టోన్, హార్న్‌బెక్, మోరెట్టి అనే ముగ్గురు ఆర్థికవేత్తలు పెద్ద ఫ్యాక్టరీ దక్కిన జిల్లాలను, చివరి నిమిషంలో ఓడిపోయిన జిల్లాలతో పోల్చి చూశారు. ఐదేళ్లలో గెలిచిన జిల్లాల్లో అప్పటికే ఉన్న ఇతర ఫ్యాక్టరీల ఉత్పాదకత కూడా 12 శాతం ఎక్కువైందని 2010లో ప్రచురించారు. ఒక పెద్ద కంపెనీ వస్తే పనితనం, సప్లయర్లు, అనుభవం చుట్టూ పాకుతాయన్నమాట. కాబట్టి రాయితీ అంటేనే దోపిడీ అనడం సరికాదు, రాయితీ ఇస్తే చాలు అభివృద్ధి వస్తుందనడమూ సరికాదు.

పోటీని ఆపుకున్న ఉదాహరణ కూడా ఉంది. కాన్సస్ సిటీ సగం కాన్సస్ రాష్ట్రంలో, సగం మిస్సోరీ రాష్ట్రంలో ఉంటుంది. రోడ్డుకు అటు ఆఫీసు ఇటు మార్చినందుకే కంపెనీలు రాయితీలు తీసుకునేవి. కొత్త ఉద్యోగాలు పుట్టేవి కావు, రెండు ఖజానాలూ ఖాళీ అయ్యేవి. చివరికి 2019లో రెండు రాష్ట్రాలూ ఆ ప్రాంతంలో ఒకరి కంపెనీలను ఒకరు లాక్కోవడం ఆపుదామని ఒప్పుకున్నాయి. యూరోపియన్ యూనియన్‌లో అయితే సభ్య దేశాలు కంపెనీలకు ఇష్టమొచ్చినట్టు సాయం చేయకుండా ఒప్పందంలోనే నిబంధన ఉంది. మన దేశంలో రాష్ట్రాల మధ్య అలాంటి కట్టుబాటు లేదు.

మన రాష్ట్రాలు ఏమిస్తున్నాయి?

అమెరికాలో రాష్ట్రాలు, నగరాలు ఆస్తి పన్ను, కంపెనీ ఆదాయపు పన్ను తగ్గిస్తాయి. మన దగ్గర కంపెనీల ఆదాయపు పన్ను కేంద్రానిది, దాన్ని రాష్ట్రం ముట్టుకోలేదు. 2017 జూలై నుంచి జీఎస్టీ వచ్చాక అమ్మకం పన్ను మినహాయింపు ఇచ్చే వీలూ పోయింది. అందుకే రాష్ట్రాలు వేరే దారులు పట్టాయి. చవగ్గా భూమి, కరెంటు చార్జీల్లో రాయితీ, స్టాంపు డ్యూటీ వాపసు, పెట్టుబడిలో కొంత శాతం సబ్సిడీ, కంపెనీ కట్టిన ఎస్‌జీఎస్టీని తిరిగి ఇచ్చేయడం ఇందులో ముఖ్యమైనవి.

జీఎస్టీలో ఒక మెలిక ఉంది. ఈ పన్ను సరుకు తయారైన చోటికి కాదు, వాడిన చోటికి చెందుతుంది. పెనుకొండలో తయారైన కారు హైదరాబాద్‌లో అమ్ముడుపోతే రాష్ట్ర వాటా తెలంగాణకు పోతుంది. విదేశాలకు చేసే సాఫ్ట్‌వేర్ ఎగుమతుల మీద అసలు పన్నే పడదు. అలాంటప్పుడు ఐటీ కంపెనీ వల్ల రాష్ట్రానికి నేరుగా వచ్చేది ఏమిటి? వృత్తి పన్ను ఉంది కానీ రాజ్యాంగం ప్రకారం అది ఒక మనిషికి ఏడాదికి 2,500 రూపాయలు దాటకూడదు. 12,000 మంది ఉద్యోగుల దగ్గర మొత్తం వసూలు చేసినా ఏడాదికి 3 కోట్లే. కాబట్టి అసలు లాభం ఉద్యోగులు జీతం ఖర్చుపెట్టడంలో ఉంది. ఇంటి అద్దె, కిరాణా, ఆటో, హోటల్, స్కూలు ఫీజు, ఇళ్ల రిజిస్ట్రేషన్లు, వాటి మీద వచ్చే పన్నులు. ఉద్యోగాలు నిజంగా వస్తేనే ఇదంతా నడుస్తుంది.

భూమి రాయితీని కూడా ఇలాగే లెక్కవేయొచ్చు. పద్ధతి అర్థం కావడానికి ఎకరం 10 కోట్లు అనుకుందాం, ఇది ఊహ మాత్రమే. 21.16 ఎకరాల విలువ 211 కోట్లు దాటుతుంది. 12,000 ఉద్యోగాలూ వస్తే ఒక్కో ఉద్యోగానికి పెట్టింది దాదాపు 1.76 లక్షలు. 3,000 మాత్రమే వస్తే అదే ఖర్చు 7 లక్షలు దాటుతుంది. 99 పైసలు అనే మాట వినగానే కోపం రావడం సహజమే, కానీ అంతకంటే ముఖ్యమైనది ఉద్యోగాలు రాకపోతే భూమి వెనక్కి తీసుకునే షరతు ఉందా, దాన్ని అమలు చేస్తారా అన్నది.

డేటా సెంటర్ విషయం ఇంకొంచెం వేరు. అది సర్వర్ల గోదాం లాంటిది. కట్టేటప్పుడు వేల మందికి పని ఉంటుంది, నడిపేటప్పుడు పెట్టుబడితో పోలిస్తే మనుషులు తక్కువ, కరెంటు, నీళ్లు ఎక్కువ కావాలి. గూగుల్ ప్రాజెక్టుతో ప్రత్యక్షంగా, పరోక్షంగా 1.8 లక్షలకు పైగా ఉద్యోగాలని రాష్ట్రం చెబుతోంది. ఇలాంటి అంకె విన్నప్పుడు అందులో ప్రత్యక్షం ఎంత, పరోక్షం ఎంత, నిర్మాణం అయ్యాక మిగిలేవి ఎంత అని విడదీసి అడగాలి.

మంచి ఉదాహరణ కావాలంటే కియా ఉంది. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది. అనంతపురం జిల్లా కరువు నేలలో, పెనుకొండ దగ్గర 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో ఫ్యాక్టరీ వచ్చింది. మధ్యలో ప్రభుత్వం మారింది. అయినా పని ఆగలేదు, 2019 డిసెంబర్‌లో కొత్త ముఖ్యమంత్రి చేతుల మీదుగా ప్రారంభోత్సవం జరిగింది. 2023 జూలైకి అక్కడి నుంచి 10 లక్షల కార్లు బయటికి వచ్చాయి. విడిభాగాల కంపెనీలు చుట్టుపక్కల పెట్టుకున్నాయి. వలస తప్ప దారి లేని చోట ఐటీఐ, డిప్లొమా చదివిన పిల్లలకు పని దొరికింది.

మన కుటుంబాలకు ఇందులో ఏముంది?

2007 నుంచి తెలుగు రాష్ట్రాల్లో వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఈ కింద చదువుల్లో, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది. ప్రైవేటు కంపెనీలకు అది వర్తించదు. కంపెనీ ప్రభుత్వ భూమిలో కట్టినా, ప్రభుత్వ రాయితీ తీసుకున్నా అంతే. అంటే రాయితీతో వచ్చే ఉద్యోగం మన ఇంటికి చేరాలంటే చదువు, నైపుణ్యం, అక్కడికి చేరుకునే దారి మూడూ ఉండాలి.

2019 ఆగస్టులో హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో అమెజాన్ 15,000 మంది కూర్చునే క్యాంపస్ తెరిచింది. ప్రపంచంలో తమకున్న అతిపెద్ద క్యాంపస్ భవనం అదేనని కంపెనీ చెప్పింది. ప్రారంభించింది అప్పటి హోం మంత్రి మహమూద్ అలీ. న్యూయార్క్ వదులుకున్న ఏడాదే ఆ కంపెనీ ఇక్కడ ఇంత పెద్దది తెరవడానికి ముఖ్య కారణం ఇక్కడ దొరికే ఇంజనీర్లు. ఇంజనీర్లను తయారుచేసింది దశాబ్దాలుగా కాలేజీల మీద పెట్టిన ఖర్చు, తల్లిదండ్రుల కష్టం, ఫీజు రీయింబర్స్‌మెంట్.

ఇప్పుడు ఆ క్యాంపస్‌కు పాతబస్తీ నుంచి ఎలా వెళ్లాలో చూడండి. హైదరాబాద్ మెట్రో 2017 నవంబర్‌లో మొదలైంది. 2020 ఫిబ్రవరికి ఎంజీబీఎస్ దాకా వచ్చి ఆగింది. అక్కడి నుంచి ఫలక్‌నుమా దాకా 5.5 కిలోమీటర్ల ముక్కకు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. షాలిబండ నుంచి నానక్‌రామ్‌గూడకు రోజూ వెళ్లిరావాల్సిన అమ్మాయికి, ఉద్యోగం వచ్చిందా లేదా అన్నది ఎంత ముఖ్యమో రాత్రి ఇంటికి ఎలా చేరాలన్నదీ అంతే ముఖ్యం. క్వీన్స్‌బ్రిడ్జ్ కుటుంబాలు అడిగిన ప్రశ్న, మన పాతబస్తీ కుటుంబాలు అడగాల్సిన ప్రశ్న ఒకటే.

ఖజానా ఒక్కటే అన్నది కూడా మరవకూడదు. కంపెనీకి వాపసు ఇచ్చే ఎస్‌జీఎస్టీ, కాలేజీలకు చెల్లించాల్సిన ఫీజు రీయింబర్స్‌మెంట్, మైనారిటీ గురుకులాల ఖర్చు అన్నీ అందులోంచే పోవాలి. బకాయిలు రాలేదని కాలేజీలు సర్టిఫికెట్లు ఆపితే నష్టపోయేది ఆ కంపెనీలో చేరాల్సిన పిల్లలే.

అడగాల్సిన ప్రశ్నలు

ఇకమీదట ఏ కంపెనీ వస్తోందన్న వార్త చదివినా, ఏ పార్టీ ప్రభుత్వం ఉన్నా, కొన్ని విషయాలు చూసుకోవాలి. రాయితీ మొత్తం ఎంత, దాన్ని ఉద్యోగాలతో భాగిస్తే ఒక్కోదానికి ఎంత పడుతోంది? డబ్బు ముందు ఇస్తున్నారా, ఉద్యోగాలు ఇచ్చాక ఇస్తున్నారా? మాట తప్పితే భూమి, డబ్బు వెనక్కి వచ్చే షరతు జీవోలో రాసి ఉందా? ఉద్యోగాలు ఏ చదువు వాళ్లకు, స్థానికులకు శిక్షణ ఎవరు ఇస్తారు? ఆ కంపెనీ రేపు మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోతే ఊరికి మిగిలేది ఏమిటి?

వీటికి జవాబులు రాబట్టడం అసాధ్యం కాదు. మంత్రివర్గ నిర్ణయాల తర్వాత జీవోలు వస్తాయి. 2005 నుంచి సమాచార హక్కు చట్టం ఉంది. అమెరికాలో 2015లో వచ్చిన లెక్కల ప్రమాణం ప్రకారం స్థానిక ప్రభుత్వాలు ఎంత పన్ను వదులుకున్నాయో వార్షిక లెక్కల్లో చూపించాలి. మన కేంద్ర బడ్జెట్‌లో కూడా పన్ను రాయితీల వల్ల తగ్గిన ఆదాయం మీద ఒక పత్రం ఏటా పెడతారు. కంపెనీల వారీగా ఎంత ఇచ్చాం, ఎన్ని ఉద్యోగాలు వచ్చాయన్న పట్టిక రాష్ట్ర బడ్జెట్‌తో పాటు శాసనసభ ముందు పెట్టమని ఎమ్మెల్యేలను అడగొచ్చు.

ప్రజల భూమి, ప్రజల పన్ను పాలకుల చేతిలో అమానత్. దాన్ని పెట్టుబడి కోసం వాడటం తప్పేమీ కాదు, హిసాబ్ చూపించకపోవడం తప్పు. విశాఖలో, హైదరాబాద్‌లో రేపు ఇంకో పెద్ద పేరు వినపడుతుంది, ఇంకో వేదిక మీద ఇంకో అంకె చెబుతారు. అప్పుడు వేదిక మీద చెప్పిన ఉద్యోగాల సంఖ్యను ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. మూడేళ్ల తర్వాత మీ నియోజకవర్గ ఎమ్మెల్యేను ఆ కాగితం చూపించి అడగండి.